వేరు ఎవరిది, కొమ్మ ఎవరిది? బైబిల్ ప్రవచనాల్లో యూదులు, క్రైస్తవులు

డిసెంబరు 31 రాత్రి పన్నెండు దాటగానే మన చర్చిల్లో వాగ్దాన కార్డులు పంచుతారు. ఎవరి చేతికి ఏ వాక్యం వస్తే ఆ ఏడాదికి అదే వాళ్ల వాగ్దానం. తరచుగా కనిపించే వాటిలో యెషయా 43:1 ఒకటి. "భయపడకుము", "నీవు నా సొత్తు" అని ఉంటుంది. దాన్ని బీరువా తలుపుకి అంటించుకుంటాం, వాట్సాప్ స్టేటస్‌గా పెట్టుకుంటాం. కార్డులో చోటు సరిపోక వదిలేసే ముక్క ఒకటుంది: ఆ వచనం మొదలయ్యేదే యాకోబును, ఇశ్రాయేలును పేరుపెట్టి పిలుస్తూ. యిర్మీయా 29:11 సంగతీ అంతే. సమాధానకరమైన ఉద్దేశాల గురించిన ఆ మాట బబులోను చెరలో ఉన్న యూదులకు రాసిన ఉత్తరంలోది. దాని పై వచనంలోనే డెబ్బై ఏళ్లు ఆగాలని ఉంది.

ఆ వాక్యాలతో మనం ధైర్యం తెచ్చుకోకూడదని నేను అనను. నేనూ తెచ్చుకుంటాను. కానీ ఆ పక్క ఆదివారమే, పశ్చిమాసియాలో యుద్ధం మొదలైందని టీవీలో రాగానే, అదే వేదిక మీద "దేవుని ప్రజలు ఇశ్రాయేలీయులే, అంత్యదినాల గుర్తులన్నీ వాళ్ల దగ్గరే చూడాలి" అని ప్రసంగం వింటాం. దీవెనల దగ్గరికొచ్చేసరికి ఇశ్రాయేలు అంటే మనం. యుద్ధాల దగ్గర వాళ్లు. శాపాలూ గద్దింపులూ వచ్చినప్పుడైతే తప్పకుండా వాళ్లే. ఒకే పుస్తకాన్ని మూడు రకాలుగా పట్టుకుంటున్నామని మనకు తోచనే తోచదు.

ఈ చిక్కు ఇవాళ పడింది కాదు, దాదాపు రెండు వేల ఏళ్లది. ఎక్కడ ముడి పడిందో చూస్తే ఒక విషయం తేటగా కనిపిస్తుంది. ప్రవక్తలు యూదులకూ క్రైస్తవులకూ వేరువేరు భవిష్యత్తులు చెప్పలేదు. యూదులను కథలోంచి తోసేసి మనం ఆ చివరికి చేరలేం. మన కథలో పావులుగా వాడుకుని కూడా చేరలేం.

ముందు ఒక చిన్న సంగతి. ప్రవక్త జ్యోతిష్కుడు కాడు. నలభై రోజుల్లో నీనెవె నాశనమవుతుందని యోనా చెప్పాడు. ఊరంతా గోనెపట్ట కట్టుకుని పశ్చాత్తాపపడింది, నాశనం ఆగిపోయింది. ప్రవచనం తప్పిందని బైబిల్ బాధపడదు, బాధపడింది యోనా ఒక్కడే. యూదులు తమ ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ మధ్యాహ్నం సమాజమందిరంలో ఈ పుస్తకాన్నే మొత్తం చదువుతారు. ఒక జనం మీద కీడు చెప్పాక వాళ్లు మళ్లుకుంటే ఆ కీడు చెయ్యనని యిర్మీయా 18లో దేవుడే అంటాడు. కాబట్టి ప్రవచనాన్ని రైల్వే టైమ్‌టేబుల్‌లా చదవడం మొదటి పొరపాటు.

ఇక పుస్తకం సంగతి. యూదుల బైబిల్ అయిన తనఖ్‌లోనూ ప్రొటెస్టెంటుల పాత నిబంధనలోనూ ఉన్నవి అవే గ్రంథాలు. వరుస మాత్రం వేరు. మన పాత నిబంధన మలాకీతో ముగుస్తుంది. యెహోవా దినానికి ముందు ఏలీయాను పంపుతానన్న మాట దగ్గర ఆగుతుంది. పేజీ తిప్పితే మత్తయి, కాసేపటికే ఏలీయా లాంటి బాప్తిస్మమిచ్చు యోహాను. యూదుల పుస్తకం దినవృత్తాంతాలతో ముగుస్తుంది. పారసీక రాజు కోరెషు, దేవుని ప్రజల్లో ఎవరైనా ఉంటే యెరూషలేముకు బయలుదేరవచ్చని ప్రకటించడం అందులో ఆఖరి వచనం. ఒక వరుసలో చివర మిగిలేది రాబోయే మనిషి కోసం ఎదురుచూపు, ఇంకో వరుసలో ఇంటికి తిరిగి వెళ్లమన్న పిలుపు. ఈ రెండు ఆశలూ రెండు పుస్తకాల్లోనూ ఉన్నాయి. దేన్ని చివర పెట్టారన్న దాన్ని బట్టి చదివేవాడి చూపు మారుతుంది.

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వద్దాం. మెస్సీయ ఎలా వస్తాడు? దానియేలు 7:13 ఆకాశ మేఘాలతో వచ్చే మనుష్యకుమారుని చూపిస్తుంది. జెకర్యా 9:9 దీనుడై గాడిద నెక్కి వచ్చే రాజును చూపిస్తుంది. మట్టల ఆదివారం నాడు మనం చేతుల్లో మట్టలు పట్టుకుని ఊరేగేది ఈ రెండో వచనాన్ని తలచుకునే. రెండూ లేఖనమే, మరి రెండూ ఎలా కుదురుతాయి? క్రైస్తవులు ఇచ్చిన జవాబు అందరికీ తెలిసిందే: మొదటి రాకడ గాడిద మీద, రెండవ రాకడ మేఘాల మీద.

ఇదే ప్రశ్న యూదుల మతగురువులైన రబ్బీలూ అడిగారని మన దగ్గర చాలామందికి తెలియదు. రబ్బీల చర్చల సంకలనమైన బబులోను తల్మూదులో, సన్హెద్రిన్ అనే భాగం 98వ పుటలో, 3వ శతాబ్దపు రబ్బీ యెహోషువ బెన్ లేవీ సరిగ్గా ఈ రెండు వచనాల్నే పక్కపక్కన పెట్టాడు. ఆయన ఇచ్చిన జవాబు: ప్రజలు యోగ్యులైతే మేఘాలతో వస్తాడు, కాకపోతే గాడిద మీద వస్తాడు. మనం కాలాన్ని రెండుగా చీల్చి ముడి విప్పాం. ఆయన మనుషుల నడవడికను బట్టి విప్పాడు. మన ప్రసంగాల్లో "యూదులు లేఖనాలు చూడలేదు, కళ్లకు ముసుగు పడింది" అని తేలిగ్గా అనేస్తాం. వాళ్లు ఆ వచనం మీద ఎన్ని రాత్రులు కూర్చున్నారో ఈ ఒక్క పుట చదివితే తెలుస్తుంది.

అదే పుటలో ఆ రబ్బీ గురించే ఇంకో కథ ఉంది. ఆయన ఏలీయాను కలిసి, మెస్సీయ ఎప్పుడొస్తాడని అడుగుతాడు. "వెళ్లి ఆయన్నే అడుగు, రోమా నగర ద్వారం దగ్గర రోగులైన పేదల మధ్య కూర్చుని ఉన్నాడు" అంటాడు ఏలీయా. గుర్తుపట్టడం ఎలా? మిగతావాళ్లు తమ పుళ్ల కట్లన్నీ ఒక్కసారే విప్పి మళ్లీ కట్టుకుంటారు. ఆయన మాత్రం ఒక్కో కట్టే విప్పి, అది కట్టాకే ఇంకోటి విప్పుతాడు. పిలుపు వస్తే ఆలస్యం కాకూడదని. రబ్బీ వెళ్లి అడిగితే "ఇవాళే వస్తాను" అన్నాడు. రాలేదు. అబద్ధమాడాడని రబ్బీ ఏలీయాతో మొరపెట్టుకుంటే, ఏలీయా 95వ కీర్తన గుర్తు చేశాడు: ఇవాళే, మీరు ఆయన స్వరం వింటే. హెబ్రీయులకు రాసిన పత్రిక 3వ అధ్యాయం తెరిచి చూడండి. అదే కీర్తన, అదే "నేడు". గాయాలతో, పేదల మధ్య, ఇవాళే రావడానికి సిద్ధంగా కూర్చున్న మెస్సీయ మనకు పరాయివాడిలా అనిపిస్తాడా?

యెషయా 53 గురించి ఎక్కువ సాగదీయను, అది వేరే వ్యాసానికి సరిపడా ఉంది. బాధపడే సేవకుడు యేసే అని మనం అంటాం. ఇశ్రాయేలు జాతే ఆ సేవకుడని 11వ శతాబ్దపు యూదు వ్యాఖ్యాత రాషి రాశాడు, ఎక్కువమంది యూదులు ఆ దారినే నడిచారు. రాషి కంటే ఎనిమిది వందల ఏళ్ల ముందే ఓరిగెన్ అనే క్రైస్తవ పండితుడు తనతో వాదించిన యూదులు అలాగే చెప్పారని రాసిపెట్టాడు. యెషయా 49:3 సేవకుణ్ణి ఇశ్రాయేలు అనే పిలుస్తుంది, మూడు వచనాలు తిరగకుండానే ఇశ్రాయేలును లేవనెత్తే పని ఆ సేవకుడికే అప్పగిస్తుంది. అందుకే అపొస్తలుల కార్యాలు 8లో రథంలో కూర్చున్న ఐతియొపీయుడు ఫిలిప్పును అడిగిన ప్రశ్న నాకు ఎంతో నిజాయితీగా అనిపిస్తుంది. ప్రవక్త చెప్పేది తన గురించా, వేరొకరి గురించా? ఆ ప్రశ్న అడిగినవాణ్ణి ఫిలిప్పు కసరలేదు. పక్కన కూర్చున్నాడు.

క్రొత్త నిబంధన ఎవరితో?

"క్రొత్త నిబంధన" అన్న మాట మనం ఎత్తుకొచ్చింది యిర్మీయా 31:31 నుంచి. అక్కడ ఆ నిబంధన ఎవరితో చేస్తానన్నాడో చూస్తే ఇశ్రాయేలువారితో, యూదావారితో అని ఉంటుంది. వేరే ఎవరి పేరూ లేదు. నాలుగు వచనాలు కిందికి వెళ్తే, సూర్యచంద్రుల నియమాలు తప్పితే గానీ ఇశ్రాయేలు సంతతి నా ఎదుట జనంగా ఉండకుండా పోదు అంటాడు దేవుడు. మరి అన్యజనులమైన మనం ఇందులోకి ఎలా వచ్చాం? దీనికి పౌలు రోమీయులకు రాసిన పత్రిక 9, 10, 11 అధ్యాయాల్లో జవాబు చెప్పాడు. ఆ జవాబు ఎందుకు రాయాల్సి వచ్చిందో తెలిస్తే దాని పదును తెలుస్తుంది.

క్రీ.శ. 49 ప్రాంతంలో క్లౌదియ చక్రవర్తి యూదులను రోమా నుంచి వెళ్లగొట్టాడు. అకుల, ప్రిస్కిల్ల కొరింథుకు చేరింది అలాగే అని అపొస్తలుల కార్యాలు 18లో ఉంది. క్లౌదియ 54లో చనిపోయాక యూదులు మెల్లగా తిరిగొచ్చారు. ఈలోపు రోమా సంఘాలు యూదేతర విశ్వాసుల చేతుల్లో నడిచాయి. తిరిగొచ్చినవాళ్లకు తాము మొదలుపెట్టిన ఇంట్లోనే చుట్టాల్లా నిలబడాల్సి వచ్చి ఉంటుంది. పౌలు ఆ ఉత్తరం రాసింది 57 ప్రాంతంలో. "వాళ్ల పని అయిపోయింది, ఇక మనమే" అన్న గర్వం రోమాలో తలెత్తుతోందని ఆ మాటల్ని బట్టి అర్థమవుతుంది.

అప్పుడు పౌలు ఒలీవ చెట్టు చూపించాడు. కొన్ని కొమ్మలు విరిగాయి, నిజమే. అడవి ఒలీవ కొమ్మవైన నిన్ను వాటి మధ్య అంటుకట్టారు. మన తోటల్లో మామిడి అంటు కట్టేవాళ్లు నాటు మొక్క మీద మేలురకం కొమ్మ కడతారు. ఇక్కడ తలకిందులు: మేలు చెట్టుకు అడవి కొమ్మ. పౌలు తెలియక రాయలేదు, ఇది ప్రకృతికి విరుద్ధం అని 24వ వచనంలో తనే ఒప్పుకున్నాడు. నువ్వు వేరును మొయ్యడం లేదు, వేరే నిన్ను మోస్తోందని 18లో గద్దించాడు. విరిగిన కొమ్మల్ని మళ్లీ అంటుకట్టే శక్తి దేవుడికి ఉందన్నాడు. 29వ వచనంలో అయితే తలుపు వేసేశాడు: దేవుడు తన పిలుపు విషయంలో వెనక్కి తగ్గడు. ఈ మాట యేసును ఇంకా నమ్మని యూదుల గురించే రాశాడన్నది మరిచిపోకూడదు.

ఇంత తేటగా ఉంటే చరిత్ర ఎందుకు అలా నడిచింది? 70లో రోమా సైన్యం యెరూషలేము దేవాలయాన్ని కూల్చింది. 132 నుంచి 135 వరకు బర్ కోఖ్బా అనే యూదు నాయకుడి తిరుగుబాటు నడిచింది. సంఖ్యాకాండం 24లోని నక్షత్రం, అంటే మెస్సీయ, అతనే అని రబ్బీ అకీవా అంతటివాడు నమ్మాడు. అదీ రక్తపాతంతో ముగిసింది. ఓడిపోయినవాళ్లను దేవుడు విడిచిపెట్టాడని లెక్కగట్టడం మనుషులకు ఎప్పుడూ సులువే. 2వ శతాబ్దం మధ్యలో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత, త్రుఫో అనే యూదుడితో సంభాషణగా రాసిన గ్రంథంలో, నిజమైన ఇశ్రాయేలు ఇక మేమే అని వాదించాడు. 386, 387లో అంతియొకయలో యోహాను క్రిసోస్తొము యూదులకు వ్యతిరేకంగా ప్రసంగాలు చేశాడు. ఎందుకంటే ఆయన సంఘస్థులే పండుగలకు యూదుల సమాజమందిరాలకు వెళ్తున్నారు. మామూలు జనం కలిసే ఉన్నారు, గోడ కట్టింది ప్రసంగ వేదిక. 1096లో సిలువ యుద్ధాల దండు రైన్ నది ఒడ్డు పట్టణాల్లో యూదులను ఊచకోత కోసింది. 1290లో ఇంగ్లండు, 1492లో స్పెయిన్ వాళ్లను వెళ్లగొట్టాయి. 1543లో మార్టిన్ లూథర్ సమాజమందిరాలను తగలబెట్టమని రాశాడు. నాజీలు 60 లక్షల మంది యూదులను చంపింది బాప్తిస్మం పొందినవాళ్లతో నిండిన ఖండం నడిబొడ్డున. నాజీ సిద్ధాంతమూ పాత క్రైస్తవ బోధా ఒకటే అని నేను అనను. కానీ "దేవుడు వాళ్లను విడిచిపెట్టేశాడు" అన్న మాట పదహారు వందల ఏళ్లకు పైగా చెవుల్లో పడకపోతే అంతమంది పొరుగువాళ్లు చూస్తూ ఊరుకునేవారా?

అటువైపు గొయ్యి

దీనికి ఎదురు దిక్కున ఇంకో గొయ్యి ఉంది, మన తెలుగు చర్చిలు ఎక్కువగా పడేది అందులోనే. 1830ల నుంచి జాన్ నెల్సన్ డార్బీ అనే బ్రదరెన్ బోధకుడు ప్రవచనాలను యుగాలుగా విడగొట్టి బోధించాడు. దేవునికి భూమి మీద ఇశ్రాయేలుతో ఒక ప్రణాళిక, సంఘంతో ఇంకో ప్రణాళిక. సంఘం ఎత్తబడుతుంది, ఏడేళ్ల శ్రమలు వస్తాయి, ఆ తర్వాత వెయ్యేళ్ల పరిపాలన. 1909లో అచ్చయిన స్కోఫీల్డ్ బైబిల్, వాక్యం కిందనే ఈ బోధను నోట్స్‌గా వేసి లక్షల ఇళ్లకు చేర్చింది. ఆ బ్రదరెన్ ఉద్యమానికి మన నేలతో పాత సంబంధమే ఉంది. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట వచ్చిన బౌడెన్, బీర్ దంపతుల సేవలోంచే నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషన్ పుట్టింది. వాళ్లు చేసిన మేలును నేను తక్కువ చెయ్యను.

ఈ బోధ ఒక మంచి చేసింది. ఇశ్రాయేలుకు ఇచ్చిన మాట ఇశ్రాయేలుదే అని ఒప్పుకుంది. కానీ ఆ తర్వాత ఏం చేస్తుందో గమనించండి. జెకర్యా 13:8 తీసుకుని, శ్రమల కాలంలో యూదుల్లో మూడింట రెండు వంతులు చనిపోతారని పటాలు గీసి చెబుతారు. చెప్పేవాళ్ల గొంతులో దుఃఖం ఉండదు, గుర్తులు నెరవేరుతున్నాయన్న ఉత్సాహం ఉంటుంది. మనం పైన క్షేమంగా ఉంటాం, వాళ్లు కింద చస్తారు. దీన్ని ఇశ్రాయేలు మీద ప్రేమ అనడం నాకు చేతకాదు. తన జనం కోసం తానే శాపగ్రస్తుడనైనా బాగుండేదని రోమా 9:3లో పౌలు రాశాడు. ప్రేమ అంటే అలా ఉంటుంది.

1948లో ఇశ్రాయేలు రాజ్యం ఏర్పడటం యెహెజ్కేలు 37లోని ఎండిన ఎముకలు లేవడమేనా? యూదులే దీని మీద ఒక్క మాట మీద లేరు. రాజ్యం కోసం 1948లో కూర్చిన ప్రార్థన దాన్ని "మా విమోచన మొలకెత్తడానికి ఆరంభం" అంది. కరడుగట్టిన సంప్రదాయ యూదులైన సత్మార్ హసీదుల గురువు యోయేల్ టైటెల్బామ్ అయితే, మెస్సీయ రాకముందే రాజ్యం కట్టడం తిరుగుబాటే అన్నాడు. ఇక బేత్లెహేములో, బేత్ సహూరులో అదే బైబిల్ అరబ్బీలో చదువుకునే పాలస్తీనా క్రైస్తవులు ఉన్నారు. 2009లో వాళ్ల నాయకులు కైరోస్ పాలస్తీనా అనే ప్రకటనలో, తమ హక్కులు లాక్కోవడానికి లేఖనాన్ని వాడటాన్ని నిలదీశారు. మన ప్రవచన పటాల్లో వీళ్లకు చోటే లేదు. ఆమోసు ప్రవచనంలో మాత్రం ఇశ్రాయేలు పొరుగు జనాలకూ చోటు ఉంది: ఇశ్రాయేలును ఐగుప్తు నుంచి రప్పించినట్టే ఫిలిష్తీయులను కఫ్తోరు నుంచి రప్పించింది నేనే కదా అని 9:7లో దేవుడు అడుగుతాడు. దేశం తిరిగి రావడం దేవుని మాట నిలబడటమే అని నమ్మేవాళ్లు కూడా, పరదేశినీ విధవరాలినీ బాధించవద్దన్న ప్రవక్తల మాటను పక్కన పెట్టలేరు. రెండూ ఒకే నోటి నుంచి వచ్చాయి.

మన దగ్గర ఈ చిక్కుకు ఇంకో ముఖం కూడా ఉంది. గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే చిన్న సమాజం ఉంది. మాదిగ నేపథ్యం నుంచి, చాలామంది క్రైస్తవ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు. తాము తప్పిపోయిన ఎఫ్రాయిము గోత్రం వాళ్లమని చెప్పుకుంటూ సబ్బాతు ఆచరిస్తున్నారు. యెహెజ్కేలు 37లో యూదా కర్ర, ఎఫ్రాయిము కర్ర దేవుని చేతిలో ఒకటవుతాయి. ఊరి చివరికి నెట్టబడిన మనుషులకు ఆ రెండో కర్రలో తమ పేరు కనిపించడాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను.

జెఫన్యాలోని ఒక్క వచనం

12వ శతాబ్దంలో, యూదు చింతనలో మహా పండితుడైన మైమోనిడీస్ తన ధర్మశాస్త్ర గ్రంథంలో రాజుల గురించిన భాగంలో యేసును మెస్సీయ కాదని కచ్చితంగా తోసిపుచ్చాడు. అక్కడితో ఆగలేదు. క్రైస్తవం, ఇస్లాం భూమి చివరి దాకా మెస్సీయ మాటను, ధర్మశాస్త్రపు మాటను మోసుకెళ్లాయని, అది రాబోయే మెస్సీయకు దారి సిద్ధం చెయ్యడమేనని రాశాడు. ఆధారంగా జెఫన్యా 3:9 చూపించాడు: జనాలన్నీ ఏకమనసుతో యెహోవాను సేవించే రోజు వస్తుంది. క్రైస్తవ సెన్సారు ఈ భాగాన్ని ఎన్నో ముద్రణల్లో కత్తిరించేసింది.

ఇప్పుడు 1965కు రండి. ఫ్రెంచి చరిత్రకారుడు జూల్ ఇసాక్ భార్యనూ కూతురినీ నాజీల మరణ శిబిరమైన ఆష్విట్జ్‌కు తరలించి చంపేశారు. ఆయన 1960లో పోప్ 23వ జాన్‌ను కలిసి, యూదుల గురించి చర్చి బోధించే తిరస్కారాన్ని సరిదిద్దమని అడిగాడు. కతోలిక బిషప్పుల రెండవ వాటికన్ మహాసభలో ఒక పత్రం తయారైంది. 1964 నాటి ముసాయిదాలో యూదులు చివరికి చర్చిలో చేరతారన్న ఆశ కనిపించింది. మతం మారడమా, ఆష్విట్జ్‌కు పోవడమా అంటే ఎప్పుడైనా ఆష్విట్జ్‌కే వెళ్తానని రబ్బీ అబ్రహాం జోషువా హెషెల్ కుండబద్దలు కొట్టాడు. ఆ వాక్యం తీసేసి, దేవునికి మాత్రమే తెలిసిన రోజున జనాలన్నీ ఒకే స్వరంతో ప్రభువును పిలిచి భుజం భుజం కలిపి సేవిస్తాయని రాశారు. ఆ మాట జెఫన్యా 3:9. 1965 అక్టోబరు 28న 2,221 మంది అవునని, 88 మంది కాదని ఓటేశాక 'నోస్త్రా ఏతాతే' అనే ఆ ప్రకటన వెలువడింది. ఎనిమిది వందల ఏళ్ల దూరంలో, కైరోలో యూదు వైద్యుడైన మైమోనిడీసూ రోములో కతోలిక బిషప్పులూ భవిష్యత్తు గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడు ఒకే వచనం మీద చెయ్యి పెట్టారు.

2015 డిసెంబరులో వారం తేడాతో రెండు పత్రాలు వచ్చాయి. ఆర్థడాక్స్ రబ్బీలు కొందరు, క్రైస్తవం యాదృచ్ఛికమూ కాదు పొరపాటూ కాదు, దేవుడు కోరినదే అని రాశారు. రోమా 11:29నే శీర్షికగా పెట్టుకున్న వాటికన్ పత్రం, యూదులను మార్చడానికి కతోలిక చర్చి వ్యవస్థగా ఏ మిషన్ నడపదని చెప్పింది. విశ్వాసులు వినయంతో సాక్ష్యం ఇవ్వాల్సిందేనని కూడా చెప్పింది. క్రీస్తును బాహాటంగా ఒప్పుకోకుండా యూదులు రక్షణలో ఎలా పాలుపొందుతారన్నది దేవుని మర్మమని అక్కడే వదిలేసింది. సువార్త మొదట యూదునికి అన్న రోమా 1:16 ముందు ఇది నిలబడదని ఎందరో ప్రొటెస్టెంటులు అంటారు. ఆ అభ్యంతరం బలమైనదే. యేసు అందరికీ రక్షకుడని నమ్మే నాకు ఆ రెండు మాటల్లో దేన్నీ వదులుకోవడం ఇష్టం లేదు. యేసు ఆరోహణానికి ముందు శిష్యులు ఇశ్రాయేలుకు రాజ్యం ఇప్పుడే తిరిగి ఇస్తావా అని అడిగినప్పుడు, ఆ ప్రశ్నే తప్పని ఆయన అనలేదు. కాలాలూ సమయాలూ తెలుసుకోవడం మీ పని కాదన్నాడు. అంతం ఎప్పుడో లెక్కలు వేసేవాళ్లను తల్మూదు ఇంకా ఘాటుగా శపించింది.

మన చేతిలో ఉన్న పని ఒకటుంది, దానికి వాటికన్ అనుమతి అక్కర్లేదు. గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం ఏడు మాటలు పంచుకునే ప్రసంగీకుల్లో కనీసం ఒకరైనా "యూదులు యేసును చంపారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. సండే స్కూలు పిల్లలు ఆ మాటే ఇంటికి పట్టుకెళ్తారు. సిలువ రోమా ప్రభుత్వపు శిక్ష. తీర్పు చెప్పింది పిలాతు. యూదు పెద్దల్లో కొందరు ఆయన్ను పట్టించారు, ఆ యూదు పెద్దల సభలోనే ఉన్న అరిమతయియ యోసేపు ఆయన దేహాన్ని తన సొంత సమాధిలో పెట్టాడు. సిలువ వెనక ఏడుస్తూ నడిచిన స్త్రీలు యెరూషలేము వాళ్లు. సిలువ దగ్గర నిలబడ్డ తల్లి యూదురాలు. వచ్చే గుడ్ ఫ్రైడేకి ఈ సంగతులన్నీ చెప్పి, ఆ ఒక్క ముక్క మానేద్దాం.